కేసు పేరులో లేని మనిషి

న్యూజిలాండ్ హైకోర్టులో హత్య కేసు విచారణకు వచ్చిన రోజు కాగితం నెత్తిన ఉండే పేర్లు రెండే. ఒకటి రాజుది, రెండోది ముద్దాయిది. బ్రిటన్ రాజే ఆ దేశానికీ రాజు గనక, ఎవరు ఎవరిని చంపినా అది రాజు శాంతికి భంగమని పాత ఇంగ్లీషు చట్టం లెక్క. విశాఖపట్నం సెషన్స్ కోర్టులో అదే కాగితం మీద రాజు బదులు 'స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అని ఉంటుంది. చనిపోయినవాడి పేరు గానీ, దెబ్బతిన్న ఆడమనిషి పేరు గానీ రెండు చోట్లా అక్కడ కనిపించవు. లోపలి పేజీల్లో వెతికితే ఆమె 'పి.డబ్ల్యూ. 1', అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. పిలిచిన రోజు వచ్చి, అడిగినంత వరకే చెప్పి, వెళ్ళిపోవాలి. దెబ్బ ఆమెది, కేసు ప్రభుత్వానిది.

న్యూజిలాండ్ 1963 నుంచి ఈ పద్ధతిని మెల్లమెల్లగా మార్చుకుంటూ వచ్చింది. ముందు బాధితుల చేతిలో కాస్త డబ్బు పెట్టింది, తర్వాత మాట్లాడనిచ్చింది, ఆ తర్వాత నిర్ణయం జరిగే చోట కుర్చీ వేసింది. అన్నిటికంటే కష్టమైన ప్రశ్న మాత్రం 2007లో ఎదురైంది: ఆరోపణ పోలీసు మీదే అయినప్పుడు బాధితులకు దిక్కెవరు? అదే ఏడాది అదే ప్రశ్న అరకు దారిలోని టైడాకు పడమటి వైపు కొండల్లో, జి.మాడుగుల మండలం వాకపల్లిలోనూ లేచింది. ఇంత దూరపు దేశం కథ మన్యం పాఠకులకు దగ్గరిదయ్యేది అక్కడే. ఆ దేశంలోనూ కొండల్లో, అడవుల్లో ముందునుంచీ ఉన్నవాళ్ళు మావోరీలు. ఇప్పుడు వాళ్ళు జనాభాలో ఆరో వంతుకు కాస్త పైన, జైళ్ళలో మాత్రం సగం దాకా ఉంటారు.

ఇంగ్లీషువాళ్ళు రాకముందు ఆ దీవుల్లో పోలీసులు లేరు, జైళ్ళు లేవు. నేరం ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య జరిగిన సంగతి కాదు, ఒక బంధువర్గానికీ ఇంకో బంధువర్గానికీ మధ్య వచ్చిన లోటు. ఆ బంధువర్గాన్ని మావోరీ భాషలో 'ఫానౌ' అంటారు. చెడిన తూకం సరిచేయడాన్ని 'ఉతు' అంటారు. తప్పు చేసినవాడి ఇంటికి అవతలివాళ్ళు అందరూ చూస్తుండగా వెళ్ళి, వాళ్ళ ఆస్తిలోంచి తమకు రావలసినంత తీసుకుపోవడం 'మురు'. చాలాసార్లు ఆ ఇంటివాళ్ళు అడ్డుపడేవారు కాదు, తీసుకుపోయినంత మాత్రాన వైరం తీరిపోయేది గనక. ఇది మన ఏజెన్సీ మనిషికి విడమరచి చెప్పనక్కరలేని సంగతి. అనంతగిరి, అరకు కొండల్లో కులపెద్దలు కూర్చుని 'తప్పు' వేయడం, తప్పు చేసినవాడి తరఫువాళ్ళు పెద్దల ఎదుట దాన్ని కట్టడం, ఆ తర్వాత అందరూ కలిసి భోజనం చేయడం ఇప్పటికీ తెలిసిన పద్ధతే. తప్పు అన్న ఒక్క మాటకే నేరమనీ, దాని మీద కట్టే జరిమానా అనీ రెండర్థాలూ ఉండటం గమనించదగ్గది. ఆ పద్ధతిలో లోపాలు చాలా ఉన్నాయి. ఆడవాళ్ళ మాటకు పెద్దల సభలో విలువ తక్కువ, బలమున్న ఇంటికి తప్పు తేలిగ్గా పడుతుంది. కానీ నష్టపోయిన మనిషి మాత్రం అక్కడ సాక్షి కాదు, హక్కుదారు.

1840 ఫిబ్రవరి 6న వైటాంగిలో బ్రిటిష్ రాణి ప్రతినిధికీ మావోరీ తెగల పెద్దలకూ ఒప్పందం కుదిరింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1842 మార్చిలో, మకెటు అనే మావోరీ యువకుణ్ణి హత్యా నేరానికి ఆక్లాండ్‌లో ఉరి తీశారు. బ్రిటిష్ చట్టం కింద ఆ దేశంలో ఉరిశిక్ష పడిన మొదటి మనిషి అతనే. అయినా కొత్త ప్రభుత్వానికి కొన్నాళ్ళు చేయి బిగించే బలం లేదు. 1844లో గవర్నర్ ఫిట్జ్‌రాయ్ తెచ్చిన ఆర్డినెన్సులో ఒక వింత ఏర్పాటు కనిపిస్తుంది. దొంగతనం రుజువైన మావోరీ జైలుకు పోకుండా, దొంగిలించిన సొత్తు విలువకు నాలుగు రెట్లు కట్టి బయటపడవచ్చు. అందులో కొంత సొత్తు పోగొట్టుకున్నవాడికి చేరేది. మురు పద్ధతికి సర్కారు ముద్ర పడిందన్నమాట. వలస జనం పెరిగి, 1860లలో భూముల కోసం యుద్ధాలు వచ్చాక ఇలాంటి సర్దుబాట్లు వెనకబడ్డాయి. విశాఖ, గంజాం ఏజెన్సీల్లోనూ ప్రభుత్వం 1839 నాటి 24వ చట్టంతో మామూలు కోర్టులను పక్కన పెట్టి కలెక్టరునే ఏజెంటుగా కూర్చోబెట్టింది. అక్కడా ఇక్కడా సంగతి ఒకటే. కొండ జనానికి వేరే ఏర్పాటు అన్నది జనం కోసం కాదు, పాలన సులువు కోసం.

ఆ తర్వాత వందేళ్ళు బాధితుల గురించి చట్టం పలికింది దాదాపు ఏమీ లేదు. మార్పు మాట మొదట ఇంగ్లండ్‌లో వినపడింది. జైళ్ళ సంస్కరణ కోసం జీవితమంతా పనిచేసిన మార్జరీ ఫ్రై, నేరంలో దెబ్బతిన్నవారికి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని 1950లలో గట్టిగా వాదించారు. జనం చేతిలోంచి ఆయుధాలు తీసేసి, రక్షణ తన బాధ్యతన్నది ప్రభుత్వమే గదా, ఆ రక్షణ తప్పినప్పుడు నష్టం ఒక్క మనిషే ఎందుకు మోయాలన్నది ఆ వాదన సారం. ఆమె 1958లో పోయారు. ఆమె మాటను ముందుగా చట్టం చేసింది ఇంగ్లండ్ కాదు, న్యూజిలాండ్. రాల్ఫ్ హనన్ న్యాయశాఖ మంత్రిగా ఉండగా 1961లో హత్యకు ఉరిశిక్ష రద్దయింది. 1963లో నేర బాధితుల పరిహార చట్టం వచ్చి, 1964 జనవరి 1 నుంచి అమలైంది. ప్రపంచంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. ఇంగ్లండ్ అదే ఏడాది ఆగస్టులో, అమెరికాలో కాలిఫోర్నియా ఆ మరుసటి ఏడు అదే దారి పట్టాయి. ఉరి రద్దు, పరిహార చట్టం రెండూ ఒకే మంత్రి చేతి మీద జరగడంలో అర్థముంది. ముద్దాయి ప్రాణం తీయడం మానేసిన రాజ్యం, బాధితుల కోసం ఏం చేస్తోందన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది.

అసలు పెద్ద అడుగు మాత్రం నేరాలతో సంబంధం లేని చోట పడింది. పనిలో గాయపడ్డ కూలీల పరిహారం గురించి ఆలోచించమని వేసిన రాయల్ కమిషన్‌కు న్యాయమూర్తి ఓవెన్ వుడ్‌హౌస్ అధ్యక్షులు. 1967లో ఆయన ఇచ్చిన నివేదిక అడిగినదానికంటే చాలా దూరం పోయింది. గాయం ఫ్యాక్టరీలో తగిలిందా, రోడ్డు మీద తగిలిందా, ఇంట్లో తగిలిందా అన్న తేడాతో పనేమిటి, తప్పు ఎవరిదని సంవత్సరాల తరబడి కోర్టుల్లో తేల్చుకోవడం ఎందుకు, గాయపడిన మనిషికి వైద్యమూ జీతమూ అందాలి గదా అన్నది ఆ నివేదిక. 1972లో చట్టమై, 1974 ఏప్రిల్ 1 నుంచి ఆ పథకం నడుస్తోంది. జనం దాన్ని 'ఏసీసీ' అనే పిలుస్తారు. పనికి పోలేని ఉద్యోగికి వారం జీతంలో 80 శాతం ఇస్తుంది. దానికి బదులుగా గాయం చేసినవాడి మీద నష్టపరిహారం దావా వేసే హక్కును జనం వదులుకున్నారు. నేర బాధితుల పరిహారమూ కొద్దికాలంలోనే ఇందులో కలిసిపోయింది. కొడుకునూ కోడలినీ చూడడానికి మన ఊళ్ళ నుంచి వెళ్ళిన పెద్దవాళ్ళు జారిపడినా, ఎవరైనా కొట్టినా చికిత్స ఖర్చు ఈ పథకమే భరించడం అక్కడి తెలుగు ఇళ్ళలో చాలామందికి అనుభవమే.

అత్యాచార బాధితుల విషయంలో ఈ పథకం చేసే పని వేరుగా చెప్పుకోవాలి. కౌన్సెలింగ్, వైద్యం, పని చేయలేకపోతే జీతంలో వాటా, ఇవన్నీ పొందడానికి ఆమె పోలీసు ఫిర్యాదు ఇవ్వనక్కరలేదు. ముద్దాయి దొరకాల్సిన పని లేదు, శిక్ష పడాల్సిన పని అంతకంటే లేదు. మన దేశంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఇచ్చే సాయం మెట్లు మెట్లుగా వస్తుంది. అత్యాచారం కేసులో వైద్య పరీక్ష జరిగి, నివేదిక ధ్రువపరిచాక సగం, చార్జిషీటు కోర్టుకు చేరాక పావు, కింది కోర్టు విచారణ ముగిశాక మిగతా పావు. అంటే సాయం కేసు కాళ్ళ మీద నడుస్తుంది. కేసు కుంటితే సాయమూ కుంటుతుంది. న్యూజిలాండ్ పథకానికీ మచ్చలు లేకపోలేదు. 1992లో ఖర్చు తగ్గించే పేరుతో శాశ్వత నష్టానికి ఇచ్చే ఏకమొత్తం పరిహారం తీసేశారు. పదేళ్ళ తర్వాత, 2002లో, తిరిగి ఇవ్వడం మొదలైంది.

డబ్బు ఒక ఎత్తు, మాట ఒక ఎత్తు. 1970ల చివర నుంచి మహిళా సంఘాలు అత్యాచార బాధితుల కోసం ఆశ్రయాలు, ఫోన్ లైన్లు నడుపుతూ, కోర్టు బోనులో ఆడవాళ్ళకు జరిగే రెండో అవమానాన్ని బయటపెట్టాయి. భార్య మీద భర్త చేసినా అత్యాచారం అత్యాచారమేనని 1985లోనే అక్కడ చట్టం మారింది. అదే ఏడాది నవంబరులో ఐక్యరాజ్యసమితి బాధితుల న్యాయం గురించి ప్రకటన చేసింది. 1987లో న్యూజిలాండ్ తెచ్చిన చట్టం బాధితులతో మర్యాదగా నడుచుకోవాలనీ, కేసు ఎంతవరకు వచ్చిందో చెప్పాలనీ, నేరం వల్ల వాళ్ళ బతుకు ఎలా దెబ్బతిన్నదో శిక్ష వేసే ముందు జడ్జికి తెలియజేయాలనీ అన్నది. ఆ చివరిదాన్నే బాధితుల ప్రభావ వాంగ్మూలం అంటారు. అప్పటిదాకా జడ్జి ముందు ముద్దాయి పేదరికం, ముద్దాయి తల్లి జబ్బు, ముద్దాయి చిన్న పిల్లలు మాత్రమే చర్చకు వచ్చేవి.

1989లో వచ్చిన పిల్లల, యువకుల, కుటుంబాల చట్టం ప్రపంచమంతా చూసి నేర్చుకున్న చట్టం. దాని వెనక ఉన్నది మావోరీల ఆగ్రహం. తమ పిల్లలను చిన్న తప్పులకే ఇళ్ళ నుంచి లాగి సర్కారు హాస్టళ్ళలో పెడుతున్నారనీ, ఆ పిల్లలు అక్కడి నుంచి నేరుగా జైళ్ళకు పోతున్నారనీ వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. జాన్ రంగిహౌ నాయకత్వంలోని కమిటీ 1980ల నడుమ ఇచ్చిన నివేదిక సాంఘిక సంక్షేమ శాఖ లోపల ఉన్న జాతి వివక్షను దాపరికం లేకుండా రాసింది. 1988లో మోఆనా జాక్సన్ అనే మావోరీ న్యాయవాది రాసిన నివేదిక మావోరీలకు తమదైన న్యాయ పద్ధతే ఉండాలంది. ప్రభుత్వం అంత దూరం రాలేదు గానీ, పిల్లల నేరాల విషయంలో పాత మావోరీ సభ ఆకారాన్ని చట్టంలోకి తీసుకుంది. దాని పేరు కుటుంబ సమావేశం.

ఆ సమావేశం ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే తేడా అర్థమవుతుంది. పదిహేనేళ్ళ కుర్రవాడు ఒక ఇంట్లో దూరి సామాను పట్టుకుపోయాడనుకుందాం. చాలా కేసుల్లో అతన్ని కోర్టు బోనులో నిలబెట్టే ముందే సమన్వయకర్త ఇరువైపులవారినీ పిలుస్తారు. చోటు సర్కారు గది కావచ్చు, మావోరీల సభామందిరమైన 'మరై' కావచ్చు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. కుటుంబం కోరితే మావోరీ ప్రార్థనతో మొదలవుతుంది. పోలీసు అధికారి జరిగినదేమిటో చదువుతారు. కుర్రవాడు ఒప్పుకుంటేనే ముందుకు పోతారు. అప్పుడు ఆ ఇంటామె మాట్లాడుతుంది. పోయిన టీవీ కంటే, రాత్రిళ్ళు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేవడం గురించి, చనిపోయిన అమ్మ గొలుసు గురించి చెబుతుంది. తోడుగా తన మనుషులను తెచ్చుకునే హక్కు ఆమెకుంది. తర్వాత పోలీసు, సమన్వయకర్త, బాధితురాలు అందరూ బయటకు వెళ్ళి కుర్రవాడి కుటుంబాన్ని ఒంటరిగా వదిలేస్తారు. తాతలు, మేనమామలు, పిన్నమ్మలు కలిసి ఏం చేయాలో తేల్చుకుంటారు. బయటివాళ్ళు తిరిగి వచ్చాక ఆ ప్రతిపాదన వినిపిస్తారు: సామాను ఖర్చు వారం వారం ఇంత కట్టడం, ఆమె కంచె బాగుచేయడం, బడికి పోవడం. బాధితురాలికి నచ్చకపోతే నచ్చలేదని చెప్పవచ్చు. అందరూ ఒప్పుకుంటే అదే నిర్ణయం.

ఇలాంటి సమావేశాలకు బాధితులు అందరూ రారు. వచ్చినవాళ్ళందరూ తృప్తిగా వెళ్ళరు. క్షమాపణ పెదవుల నుంచి వచ్చిందో మనసులోంచి వచ్చిందో వాళ్ళకు తెలిసిపోతుంది. ఇంట్లో భర్త కొట్టిన కేసుల్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం ప్రమాదమని మహిళా సంఘాలు చేసిన హెచ్చరిక చాలా సరైనది. మన కులపెద్దల సభలకూ ఆ హెచ్చరిక అంతే వర్తిస్తుంది. రాజీ అన్న మాట ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి నోరు మూయించడంగా మారిపోవడం కొండల్లోనూ జరుగుతుంది, మైదానంలోనూ జరుగుతుంది. అయినా 1989 చట్టం ఒక సంగతి నిలబెట్టింది. బాధితురాలు లేకుండా నేరం గురించి నిర్ణయించడం అసంపూర్ణమని ఒక ఆధునిక ప్రభుత్వం చట్టంలో రాసుకుంది.

1990లలో జనం కోపం వేరే దారి పట్టింది. తన వృద్ధ తల్లి మీద ఒక దుండగుడు చేసిన దాడితో కదిలిపోయిన క్రైస్ట్‌చర్చ్ వ్యాపారి నార్మ్ విదర్స్ ఊరూరా సంతకాలు సేకరించి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించాడు. 1999 నవంబరు 27న ఎన్నికలతో పాటే జరిగిన ఆ ఓటింగులో దాదాపు 92 శాతం మంది, బాధితుల అవసరాలకు న్యాయవ్యవస్థ మరింత విలువ ఇవ్వాలన్న ప్రశ్నకు అవునన్నారు. కాకపోతే ఆ ఒక్క ప్రశ్నలోనే కనీస శిక్షలు, కఠిన శ్రమ అన్న మాటలు కూడా ఇరికించి ఉన్నాయి. ఇది మొదటి నుంచీ ఉన్న చిక్కు. బాధితుల పేరు ఎత్తగానే రాజకీయానికి గుర్తొచ్చేది జైలు. మూడుసార్లు తీవ్ర నేరం చేస్తే గరిష్ఠ శిక్ష అన్న చట్టం 2010లో వచ్చి, 2022లో రద్దయి, 2024లో మళ్ళీ చట్టసభ ఆమోదం పొందింది. కౌన్సెలింగ్ కోసం నెలల తరబడి వరుసలో ఉన్న బాధితురాలికి దానివల్ల ఒక్క రోజు కూడా కలిసిరాలేదు.

2002లో మూడు చట్టాలు కలిసి వచ్చాయి: బాధితుల హక్కులది, శిక్షలది, పెరోల్‌ది. సమాచారం పొందడం, బెయిలు గురించి తమ భయాన్ని చెప్పుకోవడం, పెరోల్ బోర్డు ముందు మాట్లాడటం, తీవ్ర నేరాల్లో ముద్దాయి ఎప్పుడు విడుదలవుతున్నాడో ముందుగా తెలుసుకోవడం హక్కులుగా నిలిచాయి. శిక్ష వేసేటప్పుడు బాధితులకు జరిగిన హానిని లెక్కలోకి తీసుకోవాలనీ, ముద్దాయి పరిహారం చెల్లించేలా చూడాలనీ జడ్జికి చట్టమే చెప్పింది. 2010 నుంచి శిక్ష పడిన ప్రతివాడూ 50 డాలర్లు కట్టాలి, ఆ సొమ్ము బాధితుల సేవలకు పోతుంది. 2015లో ఈ హక్కులన్నీ మామూలు మాటల్లో రాసిన బాధితుల నియమావళి వచ్చింది, బాధితుల తరఫున ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రధాన సలహాదారు పదవీ ఏర్పడింది. లోటు ఒకటుంది, చిన్నది కాదు. ఈ హక్కులు తప్పినందుకు కోర్టుకెక్కి నష్టపరిహారం అడగడానికి లేదు. ఫిర్యాదు చేసుకోవచ్చు, అంతే.

మాట హక్కు ఎంత దూరం పోగలదో 2020 ఆగస్టులో తెలిసింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద ఒక దుండగుడు కాల్పులు జరిపి 51 మందిని చంపాడు. చనిపోయినవారిలో హైదరాబాద్ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడినవారూ ఉన్నారు. హంతకుడు నేరం ఒప్పుకోవడంతో పూర్తి విచారణ జరగలేదు. శిక్ష ఖరారు మాత్రం ఆగస్టు 24 నుంచి 27 దాకా నాలుగు రోజులు నడిచింది. కరోనా రోజులు. కొందరు బంధువులు విదేశాల నుంచి వచ్చి, పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండి మరీ కోర్టుకు చేరారు. రాలేనివాళ్ళు వీడియోలో చూశారు, దుబాసీలను పెట్టారు. మాట్లాడతామని ముందు పేరు ఇవ్వని వాళ్ళు కూడా, మొదటి రోజు మిగతావాళ్ళను చూశాక తామూ చెబుతామని లేచారు. మొత్తం 91 వాంగ్మూలాలు. జడ్జి కామెరాన్ మాండర్ తీర్పులో చనిపోయిన ఒక్కొక్కరి గురించీ, గాయపడిన ఒక్కొక్కరి గురించీ పేరు పేరునా చదివారు. పెరోల్ లేని యావజ్జీవం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. కేసు పేరులో లేని మనుషులందరూ తీర్పు పేజీల్లోకి వచ్చారు.

అయితే క్రైస్ట్‌చర్చ్‌లో పోలీసులూ ప్రభుత్వమూ బాధితుల పక్కనే నిలబడి ఉన్నాయి. 2007లో సంగతి అలా కాదు.

లూయీస్ నికోలస్ అనే మహిళ, తాను యుక్తవయసులో ఉండగా కొందరు పోలీసులు తనపై అత్యాచారం చేశారని 2004లో పత్రికాముఖంగా చెప్పారు. 2006లో జ్యూరీ ఆ నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. ఆమె ఆరోపణలు బయటికి వచ్చిన వెంటనే ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. కమిషన్ నడిపిన మార్గరెట్ బేజ్లీ దాని నివేదికను 2007 ఏప్రిల్‌లో బయటపెట్టారు. 1979 నుంచి 2005 మధ్య 222 మంది పోలీసుల మీద 313 లైంగిక దాడి ఫిర్యాదులు వచ్చినట్టు అందులో తేలింది. ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళను తోటి పోలీసులు ఎలా వెనక్కి పంపారో, దర్యాప్తులు ఎలా నీరుగారాయో నివేదిక వివరించింది. పోలీసు కమిషనర్ హోవర్డ్ బ్రాడ్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పోలీసులకు ప్రవర్తనా నియమావళి, 2008లో కొత్త పోలీసు చట్టం వచ్చాయి. సిఫార్సులు అమలవుతున్నాయో లేదో పదేళ్ళపాటు ఆడిటర్ జనరల్ లెక్క చూశారు. నికోలస్ ఆ తర్వాత బాధితుల తరఫు కార్యకర్తగా నిలబడ్డారు, పోలీసులకు శిక్షణ ఇచ్చే గదుల్లోనూ మాట్లాడారు. ఫలానా నిందితుడి నేరం రుజువు కాకపోవడం వేరు, బాధితుల ఫిర్యాదును వ్యవస్థ సరిగా పట్టించుకుందా అన్నది వేరు. ఆ రెండు ప్రశ్నలనూ విడదీయడమే ఆ దేశం అప్పుడు చేసిన మంచి పని.

అదే ఏడాది అక్టోబరు 15 తెల్లవారుజామున, మావోరీల్లో తూహోయ్ తెగవాళ్ళుండే రువాటోకి లోయలో నల్లదుస్తుల సాయుధ పోలీసులు దిగారు. అడవిలో ఆయుధ శిక్షణ జరుగుతోందన్న అనుమానం మీద జరిగిన దాడి అది. 1866లో ప్రభుత్వం తూహోయ్‌ల నుంచి లాక్కున్న భూమి సరిహద్దు మీదే రోడ్డుకు అడ్డం పెట్టి, వచ్చే పోయే కార్లను ఆపి సోదా చేశారు, మనుషులను నిలబెట్టి ఫొటోలు తీశారు. ఉగ్రవాద చట్టం కింద కేసులు పెట్టడానికి ఆ దేశపు సొలిసిటర్ జనరల్ ఒప్పుకోలేదు. చివరికి నలుగురికి ఆయుధాల చట్టం కింద శిక్ష పడింది. ఏ తప్పూ లేకుండా రోడ్డు మీద నిలబడ్డ ఊరివాళ్ళ మాటేమిటి? పోలీసులపై ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ 2013లో, ఆ రోడ్డు అడ్డం పెట్టడం, ఆ సోదాలు చట్టవిరుద్ధమని తేల్చింది. 2014లో పోలీసు కమిషనర్ మైక్ బుష్ ఆ లోయకు స్వయంగా వెళ్ళి తూహోయ్‌లకు క్షమాపణ చెప్పారు.

రువాటోకికి ఎనిమిది వారాల ముందు, 2007 ఆగస్టు 20న, మావోయిస్టుల కోసం గాలించే గ్రేహౌండ్స్ పోలీసుల దళం కూంబింగ్‌లో భాగంగా వాకపల్లికి వచ్చింది. తమపై అత్యాచారం జరిగిందని ఆ ఊరికి చెందిన 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. దర్యాప్తు సాగుతూ ఆగుతూ, ఈడ్చుకుంటూ నడిచింది. నిందితులు పైకోర్టుల దాకా వెళ్ళారు. త్వరగా విచారణ ముగించమని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం 2023 ఏప్రిల్ 6న 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని అంటూ, ఆ మహిళలకు జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య దాదాపు పదిహేనేళ్ళ ఎనిమిది నెలలు గడిచాయి. ఆ కాలంలో వాళ్ళలో కొందరు కన్నుమూశారు.

నిర్దోషులని తీర్పు వచ్చినా పరిహారం ఇమ్మన్న ఆ ఆదేశం చిన్న విషయం కాదు. నేరం ఎవరు చేశారో తేలకపోయినా, రాజ్యం తన పని తాను చేయలేదని ఒక జిల్లాస్థాయి కోర్టు ఒప్పుకుంది. బేజ్లీ నివేదిక తీసుకున్న దారి కూడా అదే. ఆ తర్వాతి అడుగులు మాత్రం ఇక్కడ పడలేదు. ఏజెన్సీలో పోలీసుల మీద ఇలాంటి ఫిర్యాదులు మొత్తం ఎన్ని వచ్చాయి, ఎన్ని మూతపడ్డాయి అని లెక్కగట్టి జనం ముందు పెట్టే కమిషన్ రాలేదు.

చట్టం పుస్తకంలో చూస్తే భారతదేశం న్యూజిలాండ్‌కు మరీ వెనకేమీ లేదు. 2009 డిసెంబరు 31 నుంచి బాధితులకు చట్టంలో నిర్వచనం ఉంది, నిర్దోషి తీర్పు మీద అప్పీలు చేసుకునే హక్కు ఉంది, ప్రభుత్వ పరిహార పథకం ఉంది. ముద్దాయి దొరక్కపోయినా బాధితులు జిల్లా న్యాయ సేవల సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. బాధితులకు ప్రతి దశలోనూ మాట్లాడే హక్కుందని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, దాని నకలు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు తెలియజేయాలి, ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలంటే ముందు బాధితుల మాట వినాలి.

గిరిజనుల మీద, దళితుల మీద ఆ రెండు వర్గాలకూ చెందనివారు చేసిన నేరాల్లో ఎస్సీ, ఎస్టీ చట్టం ఇంకా ముందుకు పోయింది. 2016 జనవరి 26 నుంచి అందులో బాధితుల, సాక్షుల హక్కులకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. ముద్దాయి బెయిలు అడిగితే బాధితులకు నోటీసు ఇవ్వాలి, విచారణ వీడియో తీయాలి. కోర్టుకు వచ్చే ప్రయాణం ఖర్చు, ఆ రోజు పోయిన కూలి ఇవ్వాలి. ఆడవాళ్ళు, పిల్లలు, వృద్ధులు తమ వెంట ఒకరిని తోడు తెచ్చుకుంటే ఆ తోడు ఖర్చూ ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా కలెక్టరు నియమించవచ్చు.

అయితే ఈ హక్కులు అడగడానికి టైడా నుంచి వచ్చే ఆడమనిషికి విశాఖ కోర్టు సుమారు 75 కిలోమీటర్లు. కిరండూల్ రైలు ఎక్కినా, ఘాట్ రోడ్డు బస్సు ఎక్కినా వాయిదా రోజు కూలి పోయినట్టే, సంత రోజు అయితే సంతా పోయినట్టే. ఆమె మాట్లాడేది కువి, లేదా ఆదివాసీ ఒడియా. ప్రశ్న తెలుగులో వస్తుంది, చాలాసార్లు జవాబు ఇంగ్లీషులో రాసుకుంటారు. వాయిదా పడితే ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. ప్రయాణ ఖర్చు ఇమ్మని అడగవచ్చన్న సంగతి గానీ, ఎఫ్ఐఆర్ నకలు ఉచితమన్న సంగతి గానీ, తొంభై రోజుల లెక్క గానీ స్టేషన్ గోడ మీద ఆమె భాషలో రాసి ఉండదు. న్యూజిలాండ్‌లో ఆ పని పోలీసుది. ఫిర్యాదు ఇచ్చిన వెంటనే బాధితుల హక్కులేమిటో, ఏ సేవలు దొరుకుతాయో చెప్పాలని చట్టం అంటుంది. దేశమంతా 'విక్టిమ్ సపోర్ట్' అనే సంస్థ కార్యకర్తలుంటారు, పోలీసు కబురు పెడితే ఇంటికే వస్తారు, కోర్టు రోజున పక్కన కూర్చుంటారు. 1986లో మొదలైన ఆ సంస్థలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. మన కొండల్లో ఆ పనికి జిల్లా న్యాయ సేవల సంస్థ తరఫున పారాలీగల్ వలంటీర్లు అన్న ఏర్పాటు ఉంది. వాళ్ళలో కువి వచ్చినవాళ్ళు, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్ళు ఉన్న ఊళ్ళలో ఈ హక్కులు కాగితం దాటి ఇంటి గుమ్మం దాకా రాగలవు.